డచ్ "యపోన్" (గౌను): జపాన్ నుంచా, ఫ్రెంచి "జ్యుపోన్" నుంచా?

పదాలపుట్ట
17వ శతాబ్దం చివరి నాటి ఆమ్‌స్టర్‌డామ్ ఆస్తి జాబితా ఒకటి తెలుగు చేస్తున్నా. ఇంటాయన పోయాక నోటరీ వచ్చి గదిగదికీ తిరిగి రాసుకున్న చిట్టా అన్నమాట. మగవాళ్ళ బట్టల వరసలో "ఏన్ చిత్సె యపోన్సె రోక్" అని ఉంది. ఏ అనువాద యంత్రాన్ని అడిగినా "జపనీస్ స్కర్ట్" అంటోంది. నిఘంటువులో "యపోన్" చూస్తే ఆడవాళ్ళ గౌను అని ఉంది. ఈ మాట ఫ్రెంచి "జ్యుపోన్" (లోపావడా) నుంచి వచ్చిందని ఒకచోట, జపాన్ నుంచి వచ్చిందని ఇంకోచోట. స్కర్టు, గౌను, లోపావడా: మగాడి బీరువాలో ఈ మూడింట్లో ఏదీ కుదరదు. తెలిసినవాళ్ళు తేల్చండి.

గోడమీదపిల్లి
ఆయన బీరువా, ఆయనిష్టం.

కాలవగట్టు
ముందు "రోక్" సంగతి తేలితే సగం గొడవ పోతుంది. ఈనాటి డచ్‌లో రోక్ అంటే స్కర్టే. 17వ శతాబ్దంలో మాత్రం పొడుగాటి పైవస్త్రం ఏదైనా రోక్, మగా ఆడా తేడా లేదు. ఆ పాత అర్థం పూర్తిగా పోలేదు కూడా: మగవాళ్ళు పెద్ద విందులకు వేసుకునే తోక కోటును డచ్‌లో ఇప్పటికీ రోక్ అనే అంటారు. జర్మన్ "రాక్" కూడా ఒకప్పుడు కోటే.

కాబట్టి యపోన్సె రోక్ అంటే జపాను అంగీ. చొక్కా మీద వేసుకుని ఇంట్లో తిరిగే వదులు నిలువుటంగీ. వెర్మీర్ గీసిన ఖగోళ శాస్త్రజ్ఞుడు (1668), భూగోళ శాస్త్రజ్ఞుడు (1669) బొమ్మలు రెండింట్లో వాళ్ళ ఒంటిమీద ఉన్నది ఇదే. చదువుకున్నవాడు, డబ్బున్నవాడు బొమ్మ గీయించుకోవాలంటే అదే వేషం.

ఇక మాట పుట్టుక. యపోన్సె రోక్ నుంచి "రోక్" రాలిపోయింది, మిగిలిన విశేషణం "యపోన్" అయి నామవాచకంగా నిలబడింది. మొదట మగవాళ్ళ ఇంటి అంగీ, తర్వాత ఆడవాళ్ళ వదులు గౌను కూడా, 19వ శతాబ్దానికి ప్రధానంగా ఆడవాళ్ళ నిలువు గౌను. మగవాళ్ళదాన్ని విడిగా చెప్పాల్సొచ్చి "కామర్‌యపోన్" (గది యపోన్) అన్నారు, ఆ తర్వాత "కామర్‌యాస్" వచ్చి దాన్నీ నెట్టేసింది.

అరసున్న
పేరు పోయి విశేషణం మిగలడం మనకేం వింత కాదు. "పంజాబీ డ్రెస్సు"లో డ్రెస్సు ఎగిరిపోయి "పంజాబీ వేసుకుంది" అంటున్నాం. గుంటూరులో కుట్టినా పంజాబీయే.

గోడమీదపిల్లి
గద్వాల కట్టుకుని గుడికెళ్ళింది అంటే పైవాళ్ళెవరికైనా అయోమయమే. ఊరిని ఎలా కట్టుకుంటారు?

నిఘంటువు_నాని
జ్యుపోన్‌ని అంత తేలిగ్గా కొట్టెయ్యకండి. 18వ శతాబ్దంలో డచ్ పెద్దింటి బట్టల మాటలు సగం ఫ్రెంచివే. రెండు మాటలకీ చివర "పోన్", రెండింట్లోనూ ఊనిక చివరి అక్షరం మీదే, రెండూ ఆడవాళ్ళ బట్టలే. మగ అంగీ పేరు ఆడవాళ్ళ గౌనుకి ఎందుకు మారిందో "జపాన్" ఒక్కటే చెబితే సరిపోదు.

కాలవగట్టు
@నిఘంటువు_నాని, మూడు చోట్ల తన్నుకుంటుంది.

ఒకటి, శబ్దం. ఫ్రెంచి నుంచి డచ్‌లోకి వచ్చిన "జె" అక్షరపు మాటలు ఫ్రెంచి ఉచ్చారణనే ఉంచుకుంటాయి. మాంసం పులుసు "జ్యు", వార్తల "జుర్నాల్", కిటికీ పలకల "జలూజీ", అన్నీ అంతే. "యపోన్" కూడా "జె"తోనే రాస్తారు, కానీ పలికేది శుద్ధమైన యకారం, "యాపన్" (దేశం) లో ఉన్నట్టే. జ్యుపోన్ నుంచి వచ్చి ఉంటే "జపోన్" అనాలి, ఎవరూ అనరు. అసలు జ్యుపోన్ అనే మాటని డచ్ వేరుగా అరువు తెచ్చుకుంది, దాని అర్థం లోపావడాయే.

రెండు, అచ్చు. "యు" కాస్తా "అ" ఎందుకైందో చెప్పే నియమం లేదు.

మూడు, బహువచనం. "యపోనెన్", లోపల రెండు నకారాలు, అంటే ఇంటి మాటలా వంగుతుంది. జ్యుపోన్‌కి మాత్రం ఫ్రెంచి తరహా "స్" తగిలించి ఊరుకుంటారు.

వీటన్నిటికంటే పెద్ద సాక్ష్యం కాలక్రమం. "యపోన్సె రోక్" అనే పూర్తి రూపం 17వ శతాబ్దం రెండో సగం కాగితాల్లో మగవాళ్ళ వస్తువుగా కనిపిస్తుంది. ఒంటరి "యపోన్" దాని వెనకే వస్తుంది. తల్లి ముందు, పిల్ల తర్వాత.

నిఘంటువు_నాని
పుట్టుక జపాన్ అని ఒప్పుకుంటా. నేనడిగేది పుట్టుక గురించి కాదు, ఆడవాళ్ళ వైపు జరగడం గురించి. పక్కనే జ్యుపోన్ వినిపిస్తుంటే చెవికి ఆ వరసే తగుల్తుంది కదా. పుట్టుక వేరు, ఒరిపిడి వేరు.

కాలవగట్టు
ఒరిపిడి ఉండొచ్చు. కానీ అది లేకుండానే కథ నడుస్తుంది. ఆడవాళ్ళు కూడా అదే అంగీని ఇంట్లో వేసుకున్నారు, పేరు బట్టతో పాటు వెళ్ళింది. అవసరం లేని కారణాన్ని ఎందుకు జోడించాలి?

సూదీదారం
కుట్టుపని వైపు నుంచి చూస్తే, "జపాన్" అనే పేరు ఎందుకు అతుక్కుందో కత్తిరింపే చెబుతుంది. అసలు జపాను కొసొదె (కిమోనోకి పూర్వరూపమైన అంగీ) కుట్టే గుడ్డ వెడల్పు సుమారు 35–40 సెంటీమీటర్లే. అందుకని వీపు మధ్యలో నిలువు కుట్టు తప్పదు. భుజం మీద కుట్టు ఉండదు, గుడ్డ ముందు నుంచి వెనక్కి ఒకే పట్టీగా పోతుంది. ముందు భాగం ఒకదానిమీద ఒకటి పడటానికి విడిగా సన్నని పట్టీలు కలుపుతారు, మెడ నుంచి కిందికి పొడుగాటి పట్టీ. చేతులు నలుచదరం. పరిస్తే మొత్తం ఇంగ్లీషు "టి" అక్షరం.

యూరప్‌లో అప్పటి మగవాళ్ళ కోటు దీనికి పూర్తి వ్యతిరేకం: చంక దగ్గర గుండ్రంగా కోసి చెయ్యి అతికించడం, నడుము పట్టేలా మలచడం. అలాంటి బిగుతు కోటు విప్పేసి ఈ "టి" అంగీలో దూరితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. లోపల పట్టు దూది కూడా పెట్టి ఉండేది. హాలండ్ చలికి, పొయ్యి ఉన్న ఒక్క గదిలో కూర్చునే ఇళ్ళకి, ఇంతకంటే ఏం కావాలి.

పదాలపుట్ట
ఇవి జపాన్ నుంచి ఎలా వచ్చేవి? మామూలు సరుకుగానా?

కాలవగట్టు
మొదట్లో కానుకగా. డచ్ ఈస్టిండియా కంపెనీ 1609లో హిరాడోలో కొట్టు పెట్టింది, 1641లో నాగసాకి దగ్గర దెజిమా దీవికి మారాల్సొచ్చింది. అక్కడి కొట్టు పెద్ద ఏటా ఎదోకి (నేటి టోక్యో) వెళ్ళి, దేశాన్ని ఏలే సేనాపతి షోగన్‌కి దండం పెట్టి రావాలి. 1790 తర్వాత నాలుగేళ్ళకోసారికి తగ్గింది. తిరుగు కానుకగా షోగన్ పట్టు అంగీలు ఇచ్చేవాడు. 1691, 1692లో ఆ ప్రయాణం చేసిన వైద్యుడు కెంఫర్ ముప్పై అంగీలు పళ్ళేల్లో పెట్టి ఇచ్చారని రాశాడు. షోగన్‌నే చక్రవర్తి అనుకుని డచ్‌వాళ్ళు వీటిని "కైజర్స్‌రొకెన్" అన్నారు, చక్రవర్తి అంగీలు అని.

లెక్క చూడండి. ఏడాదికి వచ్చేవి పదుల్లో. కావాలనుకునే ధనవంతులు వేలల్లో.

అద్దకం
ఇక్కడే మన తీరం లోపలికొస్తుంది. @పదాలపుట్ట, మీ వాక్యంలో అందరూ "యపోన్సె" పట్టుకుని కూర్చున్నారు, దాని ముందున్న "చిత్సె" చూడండి. నేటి డచ్‌లో "సిత్స్", ఇంగ్లీషులో చింట్జ్, హిందీలో ఛీంట్, మన "చీటి గుడ్డ"లో చీటి. అంటే ఆ అంగీ పేరుకి జపాన్, గుడ్డ భారతదేశానిది, ఎక్కువ పాళ్ళు కోరమాండల్ తీరానిది. జపాన్ పట్టు చాలక కంపెనీ ఇక్కడి అద్దకపు నూలుతో జపాను కత్తిరింపు అంగీలు చేయించింది. కొన్నిటికి అంగీ ఆకారం గుడ్డమీదే గీసి, ఆ గీత లోపల పువ్వులు నింపారు, కుట్టేటప్పుడు తీగ తెగిపోకుండా.

వలందపాలెం
నా పేరు చూసైనా గుర్తు రాలేదా ఎవరికీ! డచ్‌వాళ్ళు మచిలీపట్నంలో దిగింది 1605లో, పక్కనే పేటపోలి (నిజాంపట్నం) లో 1606లో. హాలండువాళ్ళని మనవాళ్ళు వలందులు అన్నారు, బందరులో వలందపాలెం ఇంకా ఉంది. ఫ్రెంచివాళ్ళ పరాసుపేట, ఇంగ్లీషువాళ్ళ ఇంగ్లీషుపాలెం కూడా ఉన్నాయి. పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం, ఖమ్మం వైపు నాగులవంచ, అన్నిచోట్లా వాళ్ళ కొట్లే. 1825లో ఇంగ్లీషువాళ్ళకి అప్పజెప్పి పోయారు.

గోడమీదపిల్లి
అంటే పెడన కలంకారీ వేసుకుని ఆమ్‌స్టర్‌డామ్ షావుకారు "జపాను" అని మురిసిపోయాడు. బాగుంది.

అద్దకం
@గోడమీదపిల్లి, పెడన అచ్చు పనితో పోల్చకండి. ఇప్పుడు బందరు–పెడన తరహా అంటే చెక్క అచ్చులు. ఆనాటి మేలురకం ఎగుమతి చింట్జ్ చాలావరకు కలంతో గీసింది.

పని వరస ఇలా ఉంటుంది. గంజి పోయేలా ఉతికిన గుడ్డని కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. కరక్కాయ రంగుని పట్టుకోడానికి, పాలలో వెన్న గీత పాకకుండా ఆపడానికి. పాలు నీళ్ళయితే గీత అంచు పాకుతుంది, పువ్వు రేకు మసకబారుతుంది. ఇనుప తుక్కు, బెల్లం నీళ్ళలో పులియబెట్టిన ద్రావణంతో గీస్తే కరక్కాయ తగిలి నల్లబడుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్ళు పూసి, తర్వాత చిరివేరుతో ఉడకబెడతారు. పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది, మిగతాది ఉతుకులో, ఎండలో పోతుంది. నీలికి మాత్రం తలకిందులు: నీలి అక్కర్లేని చోటంతా మైనం కప్పి, నీలి తొట్టిలో ముంచడం. ఎరుపులో సన్నని తెల్ల గీతలు కనిపిస్తే అవీ మైనం పనే. ఆకుపచ్చ వేరే తొట్టి కాదు, నీలి మీద పసుపు పూత. పసుపు ఎండకి ముందు పోతుంది, అందుకే మ్యూజియాల్లో పాత చింట్జ్‌లో ఆకులు నీలంగా ఉంటాయి.

పేటపోలి ఎరుపుకి అంత పేరు రావడానికి కారణం చిరివేరే. గవ్వపొడి కలిసిన సముద్రతీరపు నేలలో పెరిగిన వేరు, సున్నం పాలు ఎక్కువ. పటికతో పాటు సున్నం తగిలితే ఎరుపు గట్టిపడుతుంది.

సూదీదారం
@అద్దకం దానికి ఒక అనుబంధం. నల్ల గీతల్లోని ఇనుము నూలుని తినేస్తుంది. పాత చింట్జ్ అంగీ మీద నల్ల గీత ఉన్నచోటే గుడ్డ చీలి కనిపిస్తే అది పురుగు పని కాదు. అలాంటిదాన్ని వేలాడదీయకూడదు, బరువుకి గీత వెంబడే చిరుగుతుంది. పరిచి పెట్టాలి.

పదాలపుట్ట
ఇది చింట్జేనా, హాలండ్‌లో అచ్చేసిన గుడ్డా అని జాబితా చూసి ఎలా చెప్పడం? గుడ్డ మన చేతిలో లేదు కదా.

కాలవగట్టు
జాబితా ఒక్కటే చూసి కచ్చితంగా చెప్పలేం. డచ్ నేలమీద మొదటి నూలు అచ్చు కార్ఖానా ఆమెర్స్‌ఫోర్ట్‌లో 1678లో వచ్చింది. అంతకు ముందు తేదీ జాబితాలో "చిత్సె" ఉంటే భారతదేశపుదే అనుకోవచ్చు. తర్వాత తేదీ అయితే ధర చూడండి, అదే జాబితాలో "కాతూనె" (నూలు) అని విడిగా ఇంకో అంగీ ఉందేమో చూడండి. నోటరీ రెండు మాటలు వాడాడంటే తేడా తెలిసే వాడాడు.

అద్దకం
గుడ్డ చేతిలో ఉంటే వెనక్కి తిప్పండి. మన అద్దకంలో రంగు దారంలోకి దిగుతుంది, నీలి రెండు వైపులా సమానంగా ఉంటుంది. తొలినాటి యూరప్ అచ్చులో వెనక వెలవెలబోతుంది, అచ్చు అతుకు ఒకే దూరంలో మళ్ళీమళ్ళీ కనిపిస్తుంది.

అరసున్న
మధ్యలో ఒక ప్రశ్న. మన జుబ్బాకీ ఈ జ్యుపోన్‌కీ చుట్టరికం ఉందా?

నిఘంటువు_నాని
ఉంది! అరబ్బీ "జుబ్బా" రెండింటికీ మూలం. యూరప్ వైపు వెళ్ళి ఫ్రెంచి "జ్యూప్", దానికి ప్రత్యయం తగిలి "జ్యుపోన్". పోర్చుగీసులో "జిబావు". ఆ పోర్చుగీసు మాట జపాన్ చేరి "జుబాన్" అయింది, కిమోనో కింద వేసుకునే లోబట్ట. అంటే జపాన్ తన లోబట్ట పేరు యూరప్ నుంచి తెచ్చుకుంది, తన పేరుని యూరప్ గౌనుకి ఇచ్చింది.

గోడమీదపిల్లి
జ్యుపోన్‌ని ఎలాగోలా చర్చలో ఉంచావు, మెచ్చుకోవాలి.

వలందపాలెం
కబాయి కూడా ఇదే బజారులో మాట. విజయనగరం కాలపు తెలుగులో కబాయి అంటే దర్బారుకి తొడుక్కునే పొడుగు చేతుల అంగీ, తలమీద కుళ్ళాయి. అరబ్బీ "కబా" దాని మూలం. ఆగ్నేయాసియాలో కెబాయా, డచ్‌లో "కబాయ్".

సూదీదారం
మరి మన బనియను?

నిఘంటువు_నాని
అదీ దగ్గరి చుట్టమే. డచ్‌వాళ్ళు యపోన్సె రోక్ అన్న వస్తువునే ఇంగ్లీషువాళ్ళు "ఇండియన్ గౌన్" అనీ "బన్యాన్" అనీ అన్నారు. గుజరాతీ "వాణియా" (కోమటి, వర్తకుడు) పోర్చుగీసు నోట్లో పడి అలా అయింది. శామ్యూల్ పెప్స్ 1666 మార్చిలో బొమ్మ గీయించుకోడానికి ఇండియన్ గౌను ఒకటి అద్దెకి తెచ్చుకున్నానని డైరీలో రాసుకున్నాడు. అదే మాట మన దేశంలో చొక్కా లోపలి బనియను అయింది. ఒకే రకం అంగీకి డచ్‌లో జపాన్ పేరు, ఇంగ్లీషులో ఇండియా పేరు. ఎవరి ఓడ ఎటు తిరిగిందో దాన్నిబట్టి.

సూదీదారం
"ఒకే రకం" అంటే ఒప్పుకోను. 18వ శతాబ్దం వచ్చేసరికి బన్యాన్‌లో రెండు తెగలు: ఒకటి "టి" ఆకారపు వదులుది, రెండోది చెయ్యి విడిగా అతికి, బొత్తాలు పెట్టి, కోటులా ఒంటికి పట్టేది. రెండోదాన్ని యపోన్సె రోక్‌తో కలపకండి. అనువాదంలో రెండిటికీ ఒకే మాట వాడితే చదివేవాడికి తప్పు బొమ్మ కనిపిస్తుంది.

పదాలపుట్ట
పాత కాగితాల్లో ఈ మాటని వెతకడం ఎలా? "యపోన్" అని ఈనాటి వర్ణక్రమంలో కొడితే ఆడవాళ్ళ గౌన్ల ప్రకటనలే వస్తున్నాయి.

కాలవగట్టు
డెల్ఫర్‌లో (డచ్ జాతీయ గ్రంథాలయం పత్రికల భాండాగారం, 1618 నుంచి ఉన్నాయి) వెతుకుతుంటే ఇలా చేయండి.

ముందు తేదీ పరిధి 1750 దగ్గర ఆపండి, గౌన్ల ప్రకటనలు చాలావరకు పోతాయి. ఈనాటి వర్ణక్రమం వదిలేయండి. 1934 సంస్కరణలో తీసేసిన "ఎస్, సి, హెచ్" తోక పెట్టి "యపోన్స్ఖె" అన్నట్టు కొట్టండి. "రోక్"కి చివర "సి, కె" రెండూ పెట్టండి. "పో" బదులు "పా" ఉన్న రూపం కూడా విడిగా వెతకండి, ఆనాడు దేశం పేరే యాపన్, యాపోన్ రెండు రకాలుగా రాసేవారు.

తర్వాత, పాత కాగితం బొమ్మ చూసి అక్షరాలు గుర్తించే యంత్రం చేసే తప్పుల్ని మీరే కావాలని చేయాలి. పాత అచ్చులో పొడుగు "ఎస్"ని యంత్రం "ఎఫ్" అని చదువుతుంది, కాబట్టి "ఎస్" ఉన్నచోట "ఎఫ్" పెట్టి ఇంకోసారి. నల్ల గోతిక్ అచ్చులో పెద్ద "జె"కీ పెద్ద "ఐ"కీ తేడా లేదు, "ఐ"తో మొదలుపెట్టి మరోసారి. బట్టలు పోయాయని, దొంగతనమైందని ఇచ్చిన ప్రకటనలు వదలొద్దు. పోయిన అంగీ రంగు, గుడ్డ, లోపలి అస్తరు అన్నీ వాటిలోనే రాస్తారు.

డచ్ మహానిఘంటువులో (1864లో మొదలై 1998లో పూర్తయింది) చూసేటప్పుడూ అంతే, ఆరోపాలు (పద్దు మొదటి మాటలు) పాత వర్ణక్రమంలో ఉంటాయి.

నిఘంటువు_నాని
"యుర్క్" మీద కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. నేటి డచ్‌లో గౌనుకి మామూలు మాట అదే. మొదట పిల్లల గౌను, తర్వాత పెద్దలకి. ఇంగ్లీషు "జెర్కిన్" దీన్నుంచే వచ్చిందని కొన్ని పుస్తకాల్లో ఉంటుంది. జెర్కిన్ 16వ శతాబ్దం నుంచే ఉంది, యుర్క్ అంతకంటే చాలా ఆలస్యంగా కనిపిస్తుంది. ఇక్కడా తల్లి, పిల్ల వరసే చూడండి.

అరసున్న
మరి ఇప్పుడు యపోన్ ఎవరంటారు?

కాలవగట్టు
పెద్దవాళ్ళు, పెళ్ళి దుస్తుల కొట్లు, రాణిగారి వార్తలు రాసేవాళ్ళు. కొంచెం పాతవాసన, కొంచెం దర్జా. కానీ ఒక ముక్క మాత్రం ప్రతి ఇంట్లో మిగిలింది: రాత్రి గౌను "నాఖ్ట్‌యపోన్" అరిగి "నాఖ్ట్‌పోన్" అయింది, ఇంకా అరిగి ఉత్త "పోన్". జపాన్ పేరులో "జ" కూడా పోయి తోక మిగిలింది.

నిఘంటువు_నాని
ఆ తోక చైనా లిపిలో "మూలం" అనే అర్థమున్న అక్షరం, నిప్పోన్‌లో చివర ఉన్నదే. మూలం ఒక్కటే మిగిలిందన్నమాట, నవ్వుకోండి.

పదాలపుట్ట
నా వాక్యం ఇలా రాస్తున్నా: "చీటిగుడ్డతో కుట్టిన జపాను తరహా నిలువుటంగీ ఒకటి". సరేనా?

సూదీదారం
"తరహా" ఉంచండి, అదే ముఖ్యం. "దూది పెట్టిన" అని మాత్రం జాబితాలో లేకపోతే చేర్చొద్దు. అస్తరు మాత్రమే ఉన్న వేసవి రకం కూడా ఉండేది.

అద్దకం
అదే ఇంట్లో ఆడవాళ్ళ బట్టల్లో "వెంత్‌కె" అని కనిపిస్తే దాన్ని యపోన్‌గా మార్చెయ్యకండి. అది ఫ్రీస్‌లండ్‌లో హిందెలోపెన్ ఊరి ఆడవాళ్ళ పొడుగు చింట్జ్ కోటు, కత్తిరింపు వేరు. ఎరుపు పువ్వులది మైల లేని రోజులకి, నీలం–తెలుపుది మైలకి. చిట్టాలో రంగు కూడా రాసి ఉంటే వదలకుండా తెలుగు చేయండి.

పదాలపుట్ట
ఆమ్‌స్టర్‌డామ్ ఇల్లే కానీ ఇంటావిడ హిందెలోపెన్ మనిషి. రెండో పేజీలో నీలం చింట్జ్ ఒకటి ఉంది. ఆ పేజీ తీసి చూస్తా.